తిన్నె మీది సాక్షి

"మెడలో తాళి పెట్టుకొచ్చి మొగుడు చచ్చాడంటే ఎట్లా నమ్మేది?" అన్నాడు గుమాస్తా.

దిండిగల్లులో కుంపిణీ వారి పింఛను కచ్చేరి అది. వీరమ్మాళ్ కొంగు మెడ చుట్టూ లాక్కుంది. జవాబు కొడుకు చెన్నకేశవన్ చెప్పాడు.

"మా వాళ్ళల్లో చావు చూసినోళ్ళు వచ్చి చెప్పేదాకా తాళి తీయరు సామీ."

అతని తండ్రి తిరుమలసామి కుంపిణీ సిపాయి. రంగూన్ యుద్ధానికి ఓడెక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు. అప్పటికి చెన్నకేశవన్ తల్లి కడుపులో ఉన్నాడు.

గుమాస్తా దస్త్రం తిరగేశాడు. "మీ నాయన చచ్చినట్టూ లేదు, బతికినట్టూ లేదు. యుద్ధంలో చచ్చుంటే పెళ్ళానికి పింఛను. బతికుంటే పటాలం వదిలి పారిపోయినవాడు. అతనికి సంకెళ్ళు, మీకు మన్ను. చావు చూసిన సిపాయిని ఒకణ్ణి పిలుచుకొనిరా."

"యాడని వెతికేది సామీ?"

"నన్నడిగితే?"

వానలు లేక కిస్తు కట్టలేదు. వాళ్ళ నల్లరేగడి చేను వేలానికి వచ్చింది. పింఛను వస్తే చేను నిలుస్తుంది, రాకపోతే పోతుంది. చెన్నకేశవన్ ఊరూరా పాత సిపాయిలను అడిగాడు. తిరుమలసామి చావు చూసినవాడు దొరకలేదు.

ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. తుపాకి మందు అంటుకుని ముఖం సగం కాలిపోయి ఉంది. ఒక కన్ను లేదు.

"తిరుమలసామి ఇల్లు ఇదేనా?" అని అరవంలో అడిగాడు.

ఆ వీధిలో తెలుగు ఇంటి మాట, అరవం బయటివాళ్ళ మాట. చెన్నకేశవన్ గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరు మీరు?"

"కరుప్పయ్య. మీ నాయన పటాలమే. సాక్షి కోసం తిరుగుతున్నావని విన్నాను తంబీ."

"మా నాయన చావు చూసినారా?"

"చూశాను."

లోపల కంబు గింజలు దంచుతున్న రోకలి ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

వీరమ్మాళ్ బయటికి రాలేదు. ఆకులో సంగటి ముద్ద, ఉల్లిపాయ పెట్టి కొడుకు చేతికిచ్చింది.

"మజ్జిగ?"

"పోయొద్దు. పడదు."

అమ్మ మజ్జిగ దాచిపెడుతోందని చెన్నకేశవన్ సంతోషించాడు.

కచ్చేరిలో కరుప్పయ్య గంగాజలం చెంబు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. గుమాస్తా పటాలం దొరల పేర్లు అడిగాడు. తడబడకుండా చెప్పాడు.

"తిరుమలసామి ఎట్లా చచ్చాడు?"

"గుండు తగిలి. ఏటి ఒడ్డున నేనే పూడ్చాను."

గుమాస్తా రాసుకున్నాడు. కలం పక్కన పెట్టి వీరమ్మాళ్ వైపు తిరిగాడు.

"చూసినవాడు చెప్పాడు కదమ్మా. ఇంక తాళి తీయి."

వీరమ్మాళ్ కదలలేదు. చెన్నకేశవన్ ఆమె భుజం తట్టాడు. అయినా కదలలేదు.

"తీయమ్మా. అతను లేడు," అన్నాడు కరుప్పయ్య.

ఆమె తల మీదుగా తాళి తీసింది. అప్పుడు కరుప్పయ్య గోడవైపు చూస్తున్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన మళ్ళీ తిన్నె మీదే కూర్చున్నాడు. పొద్దు వాలినా లేవలేదు.

"ఇంకేం కావాల తాతా?"

"ఏమీ వద్దు. ఇక్కడే పడుంటాను తంబీ. చేనికి కాపలా ఉంటాను."

"ఓహో! పింఛను వచ్చినాక దాంట్లో పాలు అడిగేదానికా?"

"పాలు అడగను. ఒక ముద్ద చాలు."

"ఇయ్యాల ముద్ద, రేపు మంచం. మా అమ్మ ఇప్పుడు ముండమోసిన మనిషి. పరాయి మొగోడు తిన్నె మీద ఉంటే ఊరు ఊరుకుంటాదా? చేసిన మేలు మరవం. పొండి."

ఆయన తలుపు వైపు చూశాడు. తలుపు వెనక వీరమ్మాళ్ ఉంది.

కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఆ తాళి ఇట్లా ఇయ్యి. అమ్మి విత్తనాలు తెస్తా."

"తరవాత."

"ఇంక దాన్నేం చేసుకుంటావు?"

వీరమ్మాళ్ రోలు దగ్గరికి వెళ్ళిపోయింది.

పింఛను వచ్చింది. చేను నిలిచింది. వాన మాత్రం రాలేదు.

ఎండలు ముదిరిన పంగుని నెలలో బండి తోలే లక్ష్మణన్ దిండిగల్లు నుంచి వచ్చి వాకిట్లో ఆగాడు.

"నీ సాక్షి పోయినాడప్పా."

"ఎవరు, కరుప్పయ్యా?"

"ఆయనే. చావడి అరుగు మీద. గంజి పోసే తావుకు నడిచేదానికి కాళ్ళు రాలేదంట. అయినోళ్ళెవరని అడిగితే ఎవరూ లేరన్నాడంట. చావడివాళ్ళే పూడ్చేసినారు."

"పాపం. మనిషి మంచోడే. కొంచెం ఆశ ఎక్కువ," అన్నాడు చెన్నకేశవన్.

పెరట్లో నీళ్ళ చప్పుడైంది. అతను వెళ్ళి చూశాడు. బావిలోంచి తోడుకున్న ఆ కాసిని నీళ్ళనూ వీరమ్మాళ్ తల మీద పోసుకుంటోంది.

"ఏందమ్మా ఇది? తాగేదానికే నీళ్ళు లేవే! పరాయోడు చస్తే నీకెందుకు తలమీద నీళ్ళు?"

వీరమ్మాళ్ తడి కొంగు కింద నుంచి తాళి బయటికి లాగి, తెంపి బావిగట్టు మీద పెట్టి, "నువ్వూ పోసుకోరా, కొడుకువి" అంటూ చెంబు అతని చేతికిచ్చింది.