నా కళ్ళ ముందే తినాలి

"ఆ క్యారేజీ మూత పెట్టేసుకో. ఇవాళ్టి నుంచి ఒక్క మెతుకు కూడా ఇంటికి కట్టివ్వను. నీ కోడలు రావాలి, నా కళ్ళ ముందే కూర్చుని తినాలి."

గర్భిణులకు మధ్యాహ్నం భోజనం పెట్టే అంగన్‌వాడీ కేంద్రం అది. టీచరమ్మ గొంతు లేచిందంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషీ తక్కువదేం కాదు. ఎండ మాడ్చేస్తున్నా ఒళ్ళంతా శాలువా కప్పుకుని రోజూ వచ్చే ఆమెను అక్కడందరూ క్యారేజీ అత్త అంటారు.

"కోడలికి ఒంట్లో బాగాలేదని చెప్తున్నానుగా!"

"అయితే నేనే వచ్చి చూస్తా."

"అక్కర్లేదు. మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం."

"చూసుకుంటున్నారు, తెలుస్తూనే ఉంది! గుడ్డూ పాలూ నీ పొట్టలోకి, గంజినీళ్ళు ఆ పిల్ల పొట్టలోకి!"

క్యారేజీ అత్త ఉడికిన గుడ్ల వాసనకు శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది.

"అబ్బో, ఏం పొగరమ్మా!" అంది వంటావిడ.

ఆ కోడలు కేంద్రానికి వచ్చింది ఒక్కసారే. గుమ్మంలో నిలబడి పేరు రాయించి, బరువు చూస్తానంటే అందకుండా పారిపోయింది. కొత్త పెళ్ళికూతురు కదా, సిగ్గు కాబోలు అనుకుంది టీచరమ్మ అప్పట్లో. సిగ్గు కాదు, అత్త భయమని ఇప్పుడు అర్థమవుతోంది.

టీచరమ్మ పంతానికి కారణం ఉంది. పోయినేడు ఇదే వీధిలో ఒక పిల్ల పురిట్లో పోయింది. ఒంట్లో రక్తం లేదన్నారు. ఇక్కడ కట్టిచ్చిన అన్నం ఆ ఇంట్లో అందరూ తలా ఇంత తిన్నారని తరవాత తెలిసింది. టీచరమ్మ గరిటె విసిరికొట్టి ఏడ్చింది. ఇంకో పిల్లని అలా పోనిస్తే తను మనిషే కాదనుకుంది.

మర్నాడు క్యారేజీ అత్త రాలేదు. ఆ మర్నాడూ లేదు. కోడలు సరేసరి. టీచరమ్మకు ముద్ద దిగలేదు. ఆ పిల్ల నోటి దగ్గర కూడు తనే లాగేసిందా, ఖర్మ! అన్నం, గుడ్డు, పాలు సర్దుకుని బయల్దేరింది.

వాళ్ళ ఇంటి మెట్ల మీదే కోడలు ఎదురైంది. రెండు చేతులా నీళ్ళ బకెట్లు పట్టుకుని చకచకా ఎక్కుతోంది.

"అయ్యో, దించు దించు! నీళ్ళు మొయ్యాల్సిన మనిషివా నువ్వు? ఆవిడేం చేస్తోంది?"

"అత్తయ్యని మొయ్యనివ్వనండీ," అంది కోడలు మెల్లగా.

ఎంత భయపెట్టి పెట్టిందో మహాతల్లి అని పళ్ళు నూరింది టీచరమ్మ.

లోపల క్యారేజీ అత్త మంచమ్మీద పడుకుని ఉంది. మగవాళ్ళు ఇంట్లో లేరు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకే లారీ మీద పని, వారానికోసారి వస్తారు. చిన్నతనంలోనే పెళ్ళై, నలభై నిండకుండానే అత్తగారైన మనిషి పట్టపగలు మహారాణిలా పడకేయడం చూసి టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"లేమ్మా లే! నీ భాగోతం చూద్దామనే వచ్చాను."

క్యారేజీ అత్త మంచంకోడు పట్టుకుని లేచి, శాలువా సర్దుకుంది. టీచరమ్మ కోడల్ని పీట మీద కూలేసి కంచం ముందు పెట్టింది.

"తిను. ఈవిడ అడ్డం వచ్చిందో, ఈ కిటికీ తీసి వీధి వీధంతా పిలుస్తా!"

"వద్దు, కిటికీ తియ్యకండి!" అత్తా కోడళ్ళు ఒక్కసారే అరిచారు.

"తినవే," అంది క్యారేజీ అత్త. "తినేసి ఆవిణ్ణి పంపించెయ్."

కోడలు ముద్ద కలిపింది. నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

"నా వల్ల కాదండీ."

"ఎందుక్కాదు? కడుపుతో ఉన్నవాళ్ళు కడుపునిండా తినడానికి సిగ్గేమిటి? నవ్వేవాళ్ళు నవ్వనీ!"

కోడలు తలెత్తింది. "ఎవరు నవ్వినా తినాల్సిందేనా?"

"తినాల్సిందే!"

"విన్నారా అత్తయ్యా? ఇదే కదా నేనూ మొత్తుకుంటున్నది!" కోడలు చటుక్కున లేచి, కంచం పట్టుకెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. "నవ్వేవాళ్ళ సంగతి నేను చూసుకుంటా. మీరు నోరు తెరవండి."

టీచరమ్మ నిర్ఘాంతపోయింది. "పిచ్చిదానా, నీ కూడు మళ్ళీ ఆవిడకే పెడతావా?"

క్యారేజీ అత్త కోడలి మొహంలోకి చూసింది. కోడలి చేతి ముద్ద నోట్లో పెట్టించుకుంది. నములుతూనే లేచి, టీచరమ్మ తీస్తానన్న ఆ కిటికీని తనే బార్లా తెరిచి, వీధంతా వినిపించేలా అంది.

"దానికి కాదు, నాకు అయిదో నెల!"