నలభై రెండో నంబరు పిల్ల

నలభై రెండో నంబరు పిల్ల బడి మానేసి నాలుగేళ్లయిందని ఉత్తరాలమ్మకి ఆ ఉదయమే తెలిసింది. కిందటి వారమే ఆ పిల్ల తరఫున "లెక్కల్లో తొంభై ఎనిమిది వచ్చాయి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపింది. ఆ తొంభై ఎనిమిదీ ఇప్పుడు చెంప మీద కొట్టినట్టయింది.

పేద పిల్లల్ని చదివించే ఆ సంస్థలో ఆమె పని అదే. దూరదేశాల దాతలకి పిల్లల పేరిట ఉత్తరాలు రాయడం, వచ్చిన జవాబుల్ని డైరెక్టరుగారికి చదివి వినిపించడం. పిల్లలకి చదువుతోనే సరిపోతోంది, ఉత్తరాలకి తీరికెక్కడిదంటే నమ్మింది. మూడేళ్లు నమ్మింది. తన తెలివికి తనే దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

ఆ పిల్లని చదివిస్తున్నది ఎనభైకి దగ్గర పడిన ఒక రిటైరైన టీచరమ్మ. ఎనిమిది నెలల్లో స్వయంగా వస్తున్నానని రాసింది. పిల్లని చూసి, కాలేజీ అయ్యేదాకా చదువు ఖర్చు బడివాళ్లకే నేరుగా రాసిచ్చి పోతుందట.

డైరెక్టరుగారి టీ కప్పు గాల్లోనే ఆగింది. అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. తల్లికి జబ్బు చేసి పిల్ల పందొమ్మిది రోజులు బడికి రాలేదు. పదిహేను దాటితే పేరు కొట్టెయ్యడం నిబంధన. కొట్టేశారు. దాతకి చెబితే ఆ వయసులో బాధపడుతుందని చెప్పలేదు. అలాంటి ఫైళ్లు ఇంకో ఆరున్నాయని కూడా ఆయన నోరు జారాడు.

"ఎంత జాలిగుండెండీ మీది," అంది ఉత్తరాలమ్మ.

ఆయన దాన్ని మెచ్చుకోలే అనుకున్నాడు. "ఓ పని చెయ్యమ్మా. ఆ వయసు పిల్లని ఎవర్నైనా చూడు. ఒక్క పూట నటిస్తే చాలు."

అసలు పిల్లనే వెతకొచ్చు కదా అని అడిగింది. ఇలాంటివాళ్లు ఒకచోట ఉంటారా, ఏ గాలికి ఎటు కొట్టుకుపోయారో అన్నాడాయన.

ఆమె బీరువాలోంచి నలభై రెండో ఫైలు తీసింది. తాడు ముడి ఎంత బిగుసుకుపోయిందంటే పంటితో లాగాల్సి వచ్చింది. లోపల పదకొండేళ్ల పిల్ల ఫొటో, ఎడమ కనుబొమ మీద గాటు. దాని వెనక దరఖాస్తు, ఆ పిల్ల సొంతంగా రాసిన ఒకే ఒక్క ఉత్తరం నకలు.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కింది. ఎక్కడెక్కడ తిరిగిందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. మూడో రోజు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికేచోట పనిచేసే పిల్లని వెంటబెట్టుకొచ్చింది. సబ్బునీళ్లకి వేళ్లు పగిలి ఉన్నాయి. అక్కడ అందరూ బుడ్డి అని పిలుస్తారట.

డైరెక్టరుగారు ఫొటో పట్టుకుని పిల్ల చుట్టూ తిరిగాడు, వంకాయల్లో పుచ్చు వెతుకుతున్నట్టు.

"ఏం పోలికమ్మా ఇది. ఫొటోలో పిల్ల కళ్లల్లో తెలివి ఉట్టిపడుతోంది. దీని మొహం చూడు, తుడిచిపెట్టినట్టుంది."

"పొద్దస్తమానం దుప్పట్లు పిండితే ఎవరి మొహమైనా అంతేనండీ."

"ఈ గాటు మాత్రం బాగా కుదిర్చావు. చెమటకి చెరిగిపోకుండా చూడు."

"చెరగదులెండి."

బుడ్డి తల వంచుకునే ఉంది. పిడికిళ్లు మాత్రం బిగించింది.

ఉత్తరాలమ్మ అప్పుడు విషయం విడమరిచింది. వచ్చేది జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి. నోటుపుస్తకాలు తిరగేస్తుంది, హాజరుపట్టీ అడుగుతుంది, పక్కబెంచీ పిల్లల్ని పలకరిస్తుంది. కాబట్టి పేరు నిజంగానే రిజిస్టరులో ఎక్కాలి, పిల్ల రోజూ క్లాసులో కూర్చోవాలి. వెనకబడ్డ పాఠాలు సాయంత్రాలు తను చెబుతుంది. ఒక్క పూట నాటకానికి ఇంత హంగామానా అని ఆయన గొణిగాడు. దొరికిపోతే మిగతా ఆరు ఫైళ్లూ అడుగుతారేమోనండీ, అంది ఆమె, ఏమీ ఎరగనట్టు. ఆయన బడిలో చేర్చే కాగితం మీద సంతకం పెట్టాడు.

తొలిరోజుల్లో పిల్ల పగిలిన వేళ్ల మధ్య పెన్ను నిలిచేది కాదు. భిన్నాల దగ్గర ఏడ్చేది, ఏడుస్తూనే చేసేది. కోపమొస్తే కాగితం చిరిగేలా రాసేది. ఉత్తరాలమ్మ వద్దనలేదు. తనకీ అదే కోపం, చింపడానికి కాగితం లేదు, అంతే తేడా. డైరెక్టరుగారు వారానికోసారి వచ్చి, ఫైల్లో ఉన్న పేరు ఆ పిల్ల నోట చెప్పించుకునేవాడు. ఇంకా నమ్మకంగా చెప్పాలని తిట్టిపోసేవాడు.

అనుకున్న రోజుకి టీచరమ్మ చేతికర్రతో దిగింది. నోటుపుస్తకాలు తిరగేసి, ఒక తప్పు దిద్దింది కూడా. ఆఖర్న, నువ్వు నాకు రాసిన మొట్టమొదటి ఉత్తరంలో ఏముందో గుర్తుందా అని అడిగింది. ఉత్తరాలమ్మ ఆ ప్రశ్నని పిల్లకి అర్థమయ్యేలా చెబుతుంటే డైరెక్టరుగారి మొహం పాలిపోయింది.

"పెన్సిల్ ముక్క పోయిందని రాశాను. మీరు పన్నెండు పంపారు. ఒకటి ఇంకా చెక్కలేదు."

టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. హెడ్మిస్ట్రెస్ గదిలో సంతకాలైపోయాయి, కాలేజీ దాకా.

కారు గేటు దాటాక డైరెక్టరుగారు కుర్చీలో కూలబడి పకపకా నవ్వాడు. "అసలు పిల్ల కూడా ఇంత బాగా చెప్పదమ్మా. ఎక్కడ పట్టావు దీన్ని?"

ఉత్తరాలమ్మ అప్పటికే ఇంకో ఫైలు తాడుని పంటితో లాగుతోంది. ఒక్క క్షణం ఆపి జవాబిచ్చింది.

"నలభై రెండో ఫైల్లో చిరునామా ఉంది కదండీ."