గోల్‌కీపర్ తల్లి

“జర ఊకోండ్రి బిడ్డా,” అంది ఆ పెద్దావిడ మళ్ళీ. అప్పటికి ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తులేదు.

గోలుపోస్టు వెనుక కూర్చున్న కుర్రాళ్ళెవరూ ఆమె వైపు చూడలేదు. హనుమంతు డప్పు కొడుతున్నాడు. సంపత్ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు.

“గాజులు తొడుగు కీపరూ, మొగుణ్ణి ఎతుకు కీపరూ!”

పాట చెన్నూరు జట్టు గోల్‌కీపర్ సాద్ మీద. అతనికి ఆడవాళ్ళంటే పడదనీ, ఎవడితోనో తిరుగుతున్నాడనీ గని కాలనీలో ఎవరో పుట్టించారు. ఇలాంటివి పుట్టించినవాడి పేరు ఎవరికీ తెలియదు, మోసేవాళ్ళకు మాత్రం అలుపుండదు. తమ కాలనీ జట్టు గెలవాలంటే అవతలి కీపర్ మనసు చెడగొట్టాలి. అంతే వాళ్ళ లెక్క.

మైకులో టోర్నమెంటు కార్యదర్శి సారయ్య గొంతు గరగరలాడింది. “గోలుపోస్టు ఎనుకున్నోళ్ళకు చెప్తున్న. గా పాట బందు చెయ్యుండ్రి. ఇయ్యాల సుత పాడితే పిలగాడు ఆటే ఇడిచిపెడతా అంటుండు. గింత మంచి కీపర్‌ను ఖరాబు చెయ్యకుండ్రి.”

ప్రతి మ్యాచ్‌లోనూ ఆయన చెప్పేది ఇదే. ఒక్కడూ విన్న పాపాన పోలేదు. రాత్రి గని దిగి వచ్చిన మనిషి, మైకు కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె చెన్నూరు మ్యాచ్ ఉన్న రోజే వస్తుంది. నెత్తిన కొంగు, నుదుట బొట్టు లేదు, పక్కన టిఫిన్ డబ్బా. సాద్ తల్లేనని మొదటి రోజే తేల్చేసుకున్నారు. కన్నతల్లి ముందు ఈ పాటేమిటని హనుమంతు రెండు మూడుసార్లు సణిగాడు గానీ, డప్పు మీది చెయ్యి తీయలేదు.

పాటకు కాస్త విరామం దొరికినప్పుడు సంపత్ కొండగట్టు గుడి ప్రసాదం పంచాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి తటపటాయించి దాటిపోబోయాడు. ఆమే చెయ్యి చాపింది. ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. సంపత్‌కు ఎందుకో సిగ్గేసింది. ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

“మా మీద కోపమా అమ్మా?”

“కోపం ఎప్పుడో అయిపోయింది బిడ్డా. గీ పాట ఎవలు కట్టిండ్రు?”

“నేనే.” ఆ మాటలో కొంచెం గొప్ప కూడా ఉంది. “కొత్తదేం కాదు. ముందుగాల లక్సెట్టిపేట కీపర్ మీద కట్టిన. గా పిలగాడు ఆట నడుమల గ్లౌజులు ఇప్పి, ఇగో గీ పోస్టు కాడనే పారేసి పోయిండు. మల్ల రాలే.”

“ఇంటికన్న పోయిండా?”

“గది నాకేం ఎరుక?”

ఆమె తలూపింది. సంపత్ ఊరుకోలేక అన్నాడు. “ఊకె మజాక్‌కు అంటమమ్మా. నిజం కాదని మాకు ఎరుకే.”

“నిజమే అయితే?”

సంపత్ చేతిలోని ప్రసాదం పొట్లం మడిచాడు.

“నిజమే అయితే అనొచ్చా? నీకేం జేసిండని?”

విజిల్ మోగింది. సగం ఆట అయిపోయింది. జట్లు వైపులు మారాయి. సాద్ అవతలి గోలుకు వెళ్ళగానే కుర్రాళ్ళు డప్పెత్తుకుని అటు కదిలారు.

“నువ్వు రావా అమ్మా? కీపర్ అటు పోయిండు గదా,” అన్నాడు సంపత్.

“మోకాళ్ళు నొస్తున్నయి. నేను గీడనే ఉంట.”

అవతలి పోస్టు వెనుక హనుమంతు డప్పు సరిచూసుకున్నాడు. అందరూ సంపత్ ఎత్తుకోవడం కోసం ఎదురుచూస్తున్నారు. పాట రాకముందే సాద్ భుజాలు ముడుచుకుపోయాయి. ఒక చేతి గ్లౌజు పట్టీ వదులు చేసుకుంటున్నాడు.

సంపత్ గ్రౌండుకు అడ్డంగా చూశాడు. అంత దూరాన ఆమె ఒక్కతే, పోస్టు మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది.

“బందు పెట్టు,” అన్నాడు.

“ఏందిరా?”

“బందు పెట్టుమన్న గదా.” డప్పు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనుక నుంచి ఎవడో పాట అందుకోబోయాడు. సంపత్ తిరిగి చూసేసరికి నోరు మూసుకున్నాడు.

సాద్ ఒకసారి వెనక్కి చూశాడు. నమ్మకం కుదరక ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత గ్లౌజు పట్టీ బిగించుకున్నాడు. చివర్లో పెనాల్టీ కూడా ఆపాడు. కాలనీ జట్టు ఓడిపోయింది.

“పాట పాడితే గెలుస్తుంటిమి,” అని హనుమంతు గొణిగాడు.

“ఓడితే ఓడినం తీ.” సంపత్ డప్పు తిరిగి ఇచ్చేశాడు.

వ్యాను ఎక్కబోతున్న సాద్‌ను ఆపాడు. “తమ్మీ, ఇగ పాడం. మీ అమ్మకు సుత చెప్పు.”

“మా అమ్మీకా? ఆమె చెన్నూరుల ఉంది. నా ఆటకు ఎన్నడు రాలే.”

“మరి గా పోస్టు కాడ కూసున్నామె?”

“నాకు తెల్వదన్నా. మీ కాలనీ ఆమె అనుకున్న.”

వ్యాను వెళ్ళిపోయింది. సంపత్ ఖాళీ గ్రౌండు దాటి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె పోస్టు పట్టుకుని మెల్లగా లేస్తోంది. టిఫిన్ డబ్బా మూత తీసినట్టే లేదు.

“ఇయ్యాల పాడలే గదా. మంచిగైంది బిడ్డా,” అంది.

సంపత్ ఆమె చేతిలోని డబ్బా అందుకున్నాడు.

“బస్‌స్టాండు దాక బండి మీద దింపుతనమ్మా. ఏ బస్సు?”

“లక్సెట్టిపేట బస్సు.”