ఎండిన బోరులో చప్పుడు

పొద్దుగూకింది, నేను పెరట్లో అంట్లు తోముతున్నాను. నాయన రోజూలాగే ఎండిపోయిన బోరు దగ్గర పడుకుని పైపుకు చెవి ఆనించాడు. నీళ్ళు తిరిగొచ్చాయేమోనని మా ఊళ్ళో రైతులంతా ఇలాగే వింటారు.

"సుంకీ, నీళ్ళు వచ్చినాయే! చప్పుడు ఉండాది!" అని అమ్మను కేకేశాడు.

"ఇన్నేండ్లు రానివి ఈ పొద్దు వచ్చినాయా? చెవులకు గూడా స్కానింగు తీపిచ్చుకో పో," అంది అమ్మ.

నేను వెళ్ళి చెవి పెట్టాను. సుయ్యిమని ఒక చప్పుడు వచ్చి ఆగింది. క్షణంలో మళ్ళీ వచ్చి ఆగింది.

పొద్దున అనంతపురంలో నాయన కిడ్నీలకు డాప్లర్ స్కానింగ్ తీసినప్పుడు మిషన్‌లోంచి రక్తం పారే చప్పుడు అచ్చం ఇలాగే విన్నాను. "బాగున్న కిడ్నీలో రక్తం ఆగకుండా పారుతుందమ్మా. మీ నాయనకు లోపల అడ్డు ఎక్కువైంది, ఆగి ఆగి పోతోంది. రేపే చేర్పించండి," అన్నాడు డాక్టరు.

"రేపు ఆస్పత్రి లేదు, ఏం లేదు. మోటారు దింపాల," అన్నాడు నాయన, బోరు పక్కనే లేచి కూర్చుంటూ.

"అది నీళ్ళు కాదు నాయనా."

"మరేంది?"

పైపుకు చెవి ఆనించే ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టినప్పుడల్లా బోరులో సుయ్యిమంటోంది.

అన్నాలకు కూర్చున్నాక ఆ చప్పుడు ఇంట్లోకే వినిపించింది. మధ్యలో నిశ్శబ్దం ఇందాకటికంటే పెరిగింది. అమ్మ వడ్డించే చెయ్యి ఆపి నావైపు చూసింది. నాయన కంచం పక్కకు జరిపాడు. టార్చి తీసుకుని, తన మణికట్టు తనే పట్టుకుని బోరు వైపు వెళ్ళాడు.