వీపుకు వీపు

రిషికేశ్‌లో బుట్ట మోసేందుకు ముందుకొచ్చిన మనిషిని చూసి కాశీరాం మొహం చిట్లించాడు.

"అవ్వా, వీడేం మోస్తడు? వీన్నే ఎవడన్న మోయాలె."

ఆ ముసలివాడు తోటి కూలీలను పక్కకు తోసి, వెదురుబుట్ట కనకవ్వ ముందు దింపి, అటు తిరిగి గొంతుక్కూర్చున్నాడు. ఆకలి మీదున్నాడు కాబోలు అనుకుని కనకవ్వ ఎక్కి కూర్చుంది. ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి, నడవలేదు.

ఆ కొండల్లో నడవలేనివాళ్ళను అట్లాగే మోస్తారు. మోసేవాడి వీపు, కూర్చున్నవాళ్ళ వీపు ఆనుకుని ఉంటాయి. మోసేవాడు పోవలసిన దారి చూస్తాడు. కూర్చున్నవాళ్ళు వచ్చిన దారి చూస్తారు. ఒకరి మొహం ఒకరికి కనబడదు.

కనకవ్వ బాన్సువాడ నుంచి ఇంత దూరం వచ్చింది మొగుణ్ణి వెతకడానికి. కొడుకు కాశీరాం వచ్చింది ఆయనకు పిండం పెట్టడానికి.

కాశీరాం పాలు మరవకముందే తండ్రి భూమన్న బైరాగుల వెంట వెళ్ళిపోయాడు. బదరీ దిక్కు పోయాడని ఎవరో చెప్పారు. తర్వాత కబురు లేదు.

ఇన్నేళ్ళూ ఆ సంగతి కొడుక్కి పట్టలేదు. నిజాంసాగర్ కాలువ వచ్చి, రాళ్ళచేను కాస్తా వరిమడి అయ్యాక పట్టింది. పట్టా భూమన్న పేర ఉంది. కొనడానికి కోస్తా నుంచి వచ్చిన వెంకట్రావు సిద్ధంగా ఉన్నాడు. ఇక భూమన్న చచ్చిపోవడం ఒక్కటే తక్కువ.

"బదరిల పిండం పెడితే ఇగ మల్ల పెట్టే పనే లేదంట. ఊరోళ్ళు గూడ నమ్ముతరు," అన్నాడు కాశీరాం బయలుదేరేముందు.

"వస్త. కని దారి పొడుగునా దేవులాడుత. మీ నాయిన దొరికితే పిండం లేదు."

"దొరకకపోతే?"

"నువ్వు చెప్పినట్టే."

ముందు వంటవాడు, సామాన్ల కూలీలు, వాళ్ళ వెనక కాశీరాం, చివరన బుట్ట. పగలంతా ఎక్కడం, పొద్దుగూకితే ఏదో ఒక యాత్రికుల చట్టీలో బస.

ఎదురైన ప్రతి సాధువునూ కనకవ్వ ఆపి అడిగింది. వచ్చీరాని ఉర్దూలో మొగుడి పోలికలు చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు చేయి చాచారు. అందరూ ఎరగమన్నారు.

భోజనాల దగ్గర ముసలివాడు దూరంగా కూర్చునేవాడు.

"పైనుంచి వెయ్యవ్వా, చెయ్యి తగలనియ్యకు. ఏ కులపోడో ఏందో," అనేవాడు కాశీరాం.

కనకవ్వ రొట్టె పైనుంచి వేసేది. అతను తల వంచుకుని దోసిట్లో పట్టుకునేవాడు.

వడగళ్ళు పడినప్పుడు తన కంబళి తీసి ఆమె మీద కప్పాడు. కొండచరియ విరిగిన చోట మోకాళ్ళ మీద పాకి దాటించాడు. బుట్ట ఒరగలేదు.

"మంచిగ మోస్తుండు పాపం," అంది కనకవ్వ.

"మోయక ఏం జేస్తడు? గందుకే గద వచ్చిండు," అన్నాడు కాశీరాం.

వీపు వెనకున్న మనిషికి తెలుగు రాదన్న ధైర్యంతో కనకవ్వ దారంతా తన గోడు చెప్పుకుంది.

"గాయన ఉన్నడు బాబా. నా పానం చెప్తుంది. వీడు నమ్మడు."

బుట్ట ఒక్కసారి అదిరింది. కాలికి రాయి తగిలిందేమో అనుకుంది.

"ఉంటే ఉండనియ్యి," అన్నాడు ముందు నడుస్తున్న కాశీరాం. "కండ్ల బడితే నేనే గంగల తోస్త."

బదరీ వచ్చేసింది. గుడి ముంగిట, వేన్నీళ్ళ గుండం దగ్గర, మఠాల అరుగుల మీద కనకవ్వ ఆఖరి ఆశతో అందరి మొహాలూ చూసింది. లేడు.

నది ఒడ్డున బ్రహ్మకపాలం రాతి మీద కాశీరాం అన్నం ముద్దలు పెట్టాడు. భూమన్న పేరు చెప్పాడు. కనకవ్వ ఏడ్చింది. ముసలివాడు వీపు మీది ఖాళీ బుట్టయినా దింపకుండా అంతసేపూ కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"ఈ రాతి మీద పిండం అందుకున్నవాడికి ఇక ఇంటితో పనిలేదు. ఇంటికి వాడితో పనిలేదు," అన్నాడు పిండం పెట్టించిన పండా.

ఇక పుస్తె తియ్యాలి. ఆ పని చెయ్యడానికి వెంట ఆడవాళ్ళు ఎవరూ లేరు. కొడుకు చూడకూడదు. కాశీరాం నది వైపు తిరిగాడు.

కనకవ్వ మెడ వెనక్కి చేతులు పెట్టింది. చలికి వేళ్ళు కొయ్యబారాయి. తడిసి ఉబ్బిన దారం ముడి ఊడి రాలేదు.

"ఏయ్ బుడ్డా, నీ తాన కత్తి ఉంది గద. గా దారం తెంపు," అన్నాడు కాశీరాం వచ్చిన ఉర్దూలో, విసుగ్గా.

ముసలివాడు బుట్ట దింపి, ఎప్పటిలాగే వెనక నుంచి వచ్చాడు. మెడకు కత్తి చల్లగా తగిలింది. ఎంతకూ కొయ్యడం లేదు.

కనకవ్వ వెనక్కి తిరిగింది.

రిషికేశ్ నుంచి తనను మోసుకొచ్చిన మొహాన్ని అప్పుడు చూసింది. గడ్డం, ముడతలు, నీళ్ళు నిండిన కళ్ళు. చాలాసేపు చూసింది.

"అయిందా అవ్వా?" అన్నాడు కాశీరాం అటే తిరిగి.

ముసలివాడు కత్తి కింద పెట్టి చేతులు జోడించాడు.

కనకవ్వ ఆ కత్తి తీసి అతని చేతికే ఇచ్చింది.

"నీ పిండం నువ్వే చూసుకుంట నిలబడ్డవు," అంది, కొడుక్కి వినబడనంత మెల్లగా. "కట్టినోనివి నువ్వే గద, తెంపు."