బావ ఎత్తుగడ

వెంటపడితే చాలు, ఎడమకు తిరిగే బావ విమానం ఇవాళ తిరగలేదు.

మెకానిక్ కుర్చీలో ముందుకు జరిగాడు. వారమంతా లిఫ్టులు బాగుచేసే అతను, ఆదివారం పొద్దున పదింటికి కంప్యూటర్ ముందు కూర్చుని యుద్ధ విమానం నడుపుతాడు. ఊరికి అటు చివర, తన ఇంట్లో కూర్చుని అక్క మొగుడు ఇంకో విమానం నడుపుతాడు. తెర మీద ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "డ్రైవింగ్ స్కూల్లో అందరికీ కుడీ ఎడమా నేర్పే మా బావకి ఎడమొక్కటే వచ్చు" అని మెకానిక్ వేళాకోళం. బావ ఎప్పుడు తిరుగుతాడో, ఎప్పుడు ఊపిరి బిగబడతాడో అతనికి కరతలామలకం.

తిరగకపోగా, బావ ఉన్నట్టుండి ఇంజిన్ జోరు తగ్గించేశాడు.

'ఓహో, ఇదా సంగతి!' అనుకున్నాడు మెకానిక్. ముందువాడు వేగం తగ్గిస్తే వెనకవాడు ఆగలేక దాటిపోతాడు. అప్పుడు వేటగాడే వేటైపోతాడు. ఇలాంటివి తను ఎన్ని చూడలేదు! జాయ్‌స్టిక్ వెనక్కి లాగి, నిట్టనిలువునా పైకెక్కి, బావ నెత్తి మీద గద్దలా చక్కర్లు కొట్టసాగాడు.

కింద బావ విమానం నత్తనడక నడుస్తోంది. కుడి రెక్క దించింది. లేపింది. మళ్ళీ దించింది.

తడిబట్టల బకెట్‌తో అటుగా వెళ్తున్న భార్య ఆగి చూసింది.

"అన్నయ్యగారేంటి, అలా ఊపుతున్నారు?"

"ఎర వేస్తున్నాడు. దెబ్బ తగిలినట్టు నటన. నేను దగ్గరికెళ్తే వేసేద్దామని."

"నాకైతే చెయ్యి ఊపి పిలుస్తున్నట్టుంది."

"నీకు తెలీదులే. పదేళ్ళ నుంచీ చదువుతున్నా ఆయన్ని."

"ఒకసారి అడగరాదూ?"

"గాల్లో ఉండగా మైకులు బంద్, మెసేజీలు బంద్. ఆయన పెట్టిన రూలే. ఓడినవాడే ముందు మైకు తియ్యాలి."

ఆమె బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయింది. మెకానిక్ మాత్రం తొందరపడలేదు. తూటా కాల్చలేదు. నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు, ఓపిగ్గా తిరుగుతూనే ఉన్నాడు. తన ఓపికకి తనకే ముచ్చటేసింది. కింద ఆ రెక్క ఊగి ఊగి, చివరికి ఊగడం మానేసింది. విమానం ముక్కు వంచి, మెల్లగా దిగి, పొలాల్లో కూలింది.

"నా చేతిలో పోవడం నామోషీ అయి నేలకి కొట్టేశాడు!" మెకానిక్ పకపకా నవ్వాడు.

బావ మైకు తీస్తాడని కాసేపు చూశాడు. తీయలేదు. 'అలిగాడు. అలగనీ' అనుకుని కంప్యూటర్ ఆపేసి, తువ్వాలు భుజానేసుకుని స్నానానికి వెళ్ళాడు. స్నానమయ్యాక తీరిగ్గా పేపరు కూడా చదివాడు.

గంట దాటాక అక్క ఫోన్ చేసింది. ఏడుపులో సగం మాటలు మింగేస్తోంది.

"ఒరేయ్ తమ్ముడూ, బజారుకెళ్ళొచ్చేసరికి మీ బావ కుర్చీ పక్కన పడున్నాడ్రా! చెయ్యి కదలట్లేదు, మూతి వంకరపోయింది, మాట రావట్లేదు... ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, తొందరగా రారా!"

ఆస్పత్రిలో డాక్టరు ఒక్క మాటే అన్నాడు. "పక్షవాతం. ఇంకో గంట ముందు తెచ్చుంటే ఆ ఎడమచెయ్యి దక్కేదేమో."

ఇంజిన్ జోరు పెంచే మీట ఎడమచేతిది. రెక్కలు ఊపే జాయ్‌స్టిక్ కుడిచేతిది. మెకానిక్ వరండా బల్ల మీద కూలబడ్డాడు. భార్య పక్కన కూర్చుంది. రెక్క ఊపిన సంగతి అతని అక్కకి చెప్పలేదు, అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి.

మూడోరోజు బావ కళ్ళు తేటపడ్డాయి. మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. మెకానిక్ మంచం పక్కన నిలబడ్డాడు. చెప్పేయాలి. చెంపలేసుకుని అయినా చెప్పేయాలి. దారి పొడుగునా మాటలు కూడగట్టుకునే వచ్చాడు.

"బావా, ఆ రోజు నేను..."

బావ కుడిచెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా, ఆప్యాయంగా. కళ్ళ నిండా నీళ్ళు. తర్వాత వేళ్ళతో రాస్తున్నట్టు సైగ చేశాడు. అక్క పెన్నూ, మందుల చీటీ ఇచ్చింది. దాని వెనక వంకర టింకరగా రాసి బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వు కాల్చకుండా నా మీదే తిరుగుతుంటే, కనిపెట్టేశావని ధైర్యం వచ్చింది. ఇక పక్కింటి గోడ కూడా తట్టలేదు. నువ్వు పంపిన అంబులెన్స్ దారి తప్పిందా?"