సద్దిమూటకు ముయ్యి

"గూగుల్ మూడో పేజీలో గూడా లేవక్కా," అన్నాడు యోగీశ్, కంప్యూటర్ తెరను రత్న వైపు తిప్పి.

వై.ఎన్.హొసకోట బస్టాండు పక్కన అతనిది చిన్న కంప్యూటర్ అంగడి. రత్న అమ్మే చెనిక్కాయ పొడికి వెబ్‌సైటు చేసిచ్చింది అతనే. పొడి బాగుంది, సైటూ బాగుంది. కొనేవాళ్లకు మాత్రం ఆ రెండూ ఈ భూమ్మీద ఉన్నాయనే తెలియదు.

"ఉగాది దాకా చూస్తానప్పా," అంది రత్న. "అప్పటికీ ఆర్డర్లు రాకుంటే పొడి మిషను అమ్మేసి, సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగేదానికి పోతా."

మాట తేలిగ్గానే అంది గానీ, అది తేలికైన మాట కాదు. వల్లూరులో వాళ్ల చెనిక్కాయ చేను సోలార్ కంపెనీకి లీజుకు పోయాక ఆమె చాలా రోజులు దిగాలుగా కూర్చుంది. మళ్లీ లేచి నిలబడింది ఆ మిషను ఇంటికి వచ్చినాకే. అది పోతే ఏమవుతుందో యోగీశ్‌కు తెలుసు. అందుకే టీ తెప్పించి మరీ పాఠం మొదలుపెట్టాడు.

"నువ్వు చెనిక్కాయ పొడి అని మాత్రమే రాసినావు. హైదరాబాదులో పల్లీల పొడి అంటారు. బెంగుళూరోళ్లు కడ్లేకాయి చట్నీపుడి అని కొడతారు. వాళ్లు ఏమని వెతుకుతారో ఆ మాట నీ పేజీలో ఉండల్ల. ఇంగ ఆ ఫోటోలు! పేజీ తెరుచుకునేలోపల మనిషి లేచిపోతాడు. అన్నీ చిన్నవి చెయ్యల్ల."

"చేస్తాలే. చేస్తే పైకి వస్తాదా?"

"సగం వస్తాది. మిగతా సగం లింకులు. వేరే సైటువాళ్లు నీ గురించి రాసి, 'ఆడికి పోండి' అని దారి చూపల్ల. నలుగురు బాగుండాదంటేనే గదా ఐదోవాడు అంగడికి వచ్చేది? గూగులూ అంతే."

రత్న ముఖం విప్పారింది. "ఓస్, ముయ్యే గదా! ఊరగాయలమ్మే ఓబక్క సైటుకు నేను లింకిస్తా, ఓబక్క నాకిస్తాది."

ఈ పక్క చేన్లలో మర్యాద అది. నీ కలుపుకు నేనొస్తే నా కలుపుకు నువ్వు రావాలి. కూలి ఇవ్వకపోయినా సర్దుకుంటారు గానీ ముయ్యి తీర్చని మనిషిని ఊరు క్షమించదు.

"వద్దక్కా!" యోగీశ్ తల పట్టుకున్నాడు. "నువ్వు నాకు, నేను నీకు అని లింకులు మార్చుకుంటా పోతే గూగుల్ ఇంకా కిందికి తోస్తాది. దుడ్డిచ్చి కొనుక్కున్నా అంతే. తిన్నోళ్లు బాగుండాదని వాళ్లంతట వాళ్లే రాయల్ల."

"వాళ్లంతట వాళ్లు యాడ అంటారప్పా? పెండ్లయినప్పట్నుంచి మా ఇంటాయనే ఒక్కసారి అన్న పాపాన పోలేదు."

ఆ ఇంటాయన శివరాజు సోలార్ ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ. పొద్దున క్యారేరు పట్టుకుపోతాడు, సాయంత్రం కడిగినట్టు ఖాళీగా తెస్తాడు. మెప్పు ఉండదు, పైగా ఆరాలు. ఆ సాయంత్రం పచ్చడి మీద అదే తంతు.

"ఇయ్యాల ఊరుబిండిలో ఏమేసినావు?"

"ఏం, బాగలేదా?"

"అడిగితే తప్పా? చింతపండా, చింతచిగురా?"

"చిగురే. వంకలు పెట్టేదానికి నా వంట తప్ప ఇంకేమీ దొరకదు నీకు! ఆడ గూగులు గూడా నీ మాదిరే ఉండాది. నా పేరే ఎత్తదు."

"నీ పొడి ఘాటుకు దానికి తుమ్ములొస్తాండాయేమో. అందుకే దాచిపెట్టినాది గదమే."

రత్న గరిటె ఎత్తింది. శివరాజు నవ్వుకుంటూ ఫోను తీసుకుని అరుగు మీదికి జారుకున్నాడు.

యోగీశ్ చెప్పినవన్నీ రత్న మార్చింది. పల్లీలు చేర్చింది, కడ్లేకాయి చేర్చింది, ఫోటోలు తగ్గించింది. పేజీ కొంచెం కదిలి మళ్లీ మొండికేసింది. ఉగాది దగ్గర పడింది. మిషను కొనేదానికి తిరుమణి నుంచి ఒకాయన వచ్చి చూసిపోయాడు కూడా. అతను తిప్పి చూస్తుంటే రత్న అక్కడ నిలబడలేక పెరట్లోకి వెళ్లిపోయింది.

ఒకరోజు పొద్దున్నే యోగీశ్ ఫోను చేశాడు.

"అక్కా, మొదటి పేజీ! 'సద్దిమూట' అని ఒక సైటు ఉండాది. పనికి పోయేవాళ్లు కట్టుకుపోయే అన్నం గురించి రాస్తారు. శానామంది చదువుతారు. నీ పొడి గురించి రాసి లింకు పెట్టినారు! నువ్వేమన్నా అడిగినావా?"

"నాకు వాళ్లెవరో కూడా తెలీదప్పా!"

రత్న ఆ పేజీ తెరిచింది. 'వేడి సంగటి మీద ఈ పొడి చల్లుకుని తినండి. ఎంత ఎండలో కూర్చున్నా, ఇంటి నీడలో తిన్నట్టే ఉంటుంది,' అని రాసి ఉంది. ఆమె కళ్లు నిండాయి. ఆ సైటు నిండా సంగటి, ఉలవచారు, అలసంద వడలు... అన్నీ ఈ పక్క వంటలే. రాసినవారి పేరు లేదు. ఎవరో బాగా వండి వండి చెయ్యి పండిన ముసలమ్మ అయ్యుంటుంది అనుకుంది.

ఆర్డర్లు మొదలయ్యాయి. తిరుమణి ఆయనకు మిషను ఇవ్వనని చెప్పేసింది. సంతోషం ఒకవైపు, ముయ్యి తీరలేదన్న దిగులు ఒకవైపు. లింకుకు లింకు వద్దన్నాడు గానీ, లింకుకు పొడి వద్దని యోగీశ్ అనలేదు కదా!

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ, సద్దిమూట సైటుకు మెసేజీ పంపింది.

"అమ్మా, పొడి చేసే రత్నను. మీ పుణ్యాన నా మిషను నిలబడినాది. మీ అడ్రసు చెప్పండి, పొడి పంపిస్తా. ముయ్యి తీర్చకుంటే నాకు అన్నం సయించదు."

వెంటనే జవాబు వచ్చింది.

"నీ ముయ్యి దినామూ నా క్యారేరులో అందుతానే ఉండాది గదమే."